వేడెక్కని తీగ

బెజవాడ ఆటోనగర్‌లో బండికి ఏ కొత్త సామాను బిగించాలన్నా ఒకటే మంత్రం: "డైరెక్ట్ ఇచ్చెయ్." అంటే ఫ్యూజు పెట్టె, స్విచ్చి అంటూ చుట్టు తిరక్కుండా, బ్యాటరీ నుంచి వచ్చే పెద్ద తీగనే ఎక్కడో ఒకచోట గీకి, దానికి హారన్ తీగ మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టెయ్యడం. కంపెనీవాడు ఇచ్చే హారన్ కీచుమంటుంది. మన రోడ్డు మీద కీచుమంటే గేదె కూడా తల తిప్పదు. అందుకని షోరూం గేటు దాటిన బండి నిమ్మకాయలు తొక్కకముందే ఆటోనగర్ మొహం చూస్తుంది. ఇది తప్పని అక్కడ ఎవరూ అనుకోరు.

కొండేటి తబిత ఈ గీకుడూ ఈ మెలిపెట్టుడూ చూస్తూనే పెరిగింది. తండ్రికి అక్కడే చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉండేది. తర్వాత ఆమె భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసి, నవచలన అనే కంపెనీ పరిశోధనశాలలో చేరింది. ఎంత చదివినా ఆదివారం చర్చి అయ్యాక అన్నయ్య ఇంట్లో భోజనం మాత్రం మానలేదు. అన్నయ్య ఏలియా అంబులెన్స్ డ్రైవరు. గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది, మనసు మాత్రం వెన్నపూస. కొత్త బండి వస్తే పాస్టరు గారితో ప్రార్థన చేయించేవాడు, నిమ్మకాయలూ తొక్కించేవాడు. ఇదేంటని అడిగితే, "పైవాడికి లేని అభ్యంతరం నీకెందుకే?" అనేవాడు.

ఆ ఆదివారం ఏలియా కంచం ముందు కూర్చుని ముద్ద కలపలేదు.

"ఏం చదివావే నువ్వు?" అన్నాడు ఉన్నట్టుండి. "బ్యాటరీ చూస్తే పన్నెండు వోల్టులు. సైరన్ వేసి, లైట్లేసి, ఏసీ వేస్తే వెనకాల ఊపిరి మిషన్‌కి పది కూడా అందట్లేదు. కుయ్యిమని ఆగిపోద్ది. నిన్న కంకిపాడు దాటాక అట్టాగే ఆగింది. ముసలాయన నా బండిలోనే పోయాడు. ఆ రెండు వోల్టులూ ఎవడు తింటన్నాడు?"

"తీగ తింటోంది అన్నయ్యా."

"తీగ తినడమేంటే?"

తబిత చారు గిన్నె పక్కకి జరిపింది. "పన్నెండు వోల్టులంటే తోపుడు తక్కువ. తోపుడు తక్కువైతే అదే పని అవ్వాలంటే కరెంటు ఎక్కువ పారాలి. ఎక్కువ పారేకొద్దీ తీగ వేడెక్కుద్ది. ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావ్? నీ మిషన్‌కి చేరాల్సిందే దార్లో వేడైపోతోంది."

"అయితే లావు తీగ వెయ్యమను."

"బండంతా బొటనవేలంత రాగి పాకిస్తే అది అంబులెన్స్ అవదు, రాగి బిందె అవుద్ది."

"నవ్వులాటగా ఉందా నీకు?" ఏలియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆయన మనవరాలు నా చొక్కా పట్టుకుని అడిగింది, మిషన్ ఎందుకాగిందని. నేనేం చెప్పాలి?"

వదిన మార్తమ్మ ఇద్దరి కంచాల్లోనూ చారు పోసి, "చదువుకున్నదానివి, దానికి మందేదో నువ్వే కనిపెట్టు" అంది. ఆవిడ మాటవరసకి అంది. తబిత మాత్రం దాన్ని మాటవరసకి తీసుకోలేదు.

ఏళ్ళు పట్టింది. పెళ్ళి సంబంధాలు వచ్చి వచ్చి మానేశాయి. చివరికి ఒక మధ్యాహ్నం తబిత పిడికిట్లో కుట్టుదారమంత సన్నటి తీగ ఉంది. ఆ తీగ ఒక కొస బ్యాటరీకి, రెండో కొస డీజిల్ ఇంజను స్టార్టర్‌కి. మామూలుగా ఆ పనికి వేలంత లావు రాగి కావాలి. సహాయకుడు తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమని లేచింది. తబిత పిడికిలి చల్లగానే ఉంది. ఆ తీగ కరెంటుకి అడ్డన్నదే చెప్పలేదు. ఇలాంటి తీగలకి మామూలుగా కావాల్సిన గడ్డకట్టించే చలి దీనికి అక్కర్లేదు, బెజవాడ ఎండలో కూడా అంతే. ఆమె ఫోను తీసి అన్నయ్యకి చేసి, ఏడుస్తూ నవ్వుతూ అరిచింది: "తినలేదన్నయ్యా! ఒక్క వోల్టు కూడా తినలేదు!"

దానికి శీతతీగ అని పేరు పెట్టారు.

ఒక లోటు ఉందని వాళ్ళకి ముందే తెలుసు. కరెంటు పెంచుకుంటూ పోతే ఒక హద్దు దగ్గర ఆ తీగ పెట్టిన చోటే భగ్గుమంది. రాగి అలా చెయ్యదు. మొయ్యలేకపోతే ముందు వేడెక్కుతుంది, తొడుగు వాసన వేస్తుంది, లైట్లు మసకబారతాయి. నావల్ల కావట్లేదు బాబూ అని మొరపెట్టుకుంటుంది. శీతతీగకి మొరపెట్టుకోవడం తెలియదు. హద్దు దాకా హాయిగా మోస్తుంది. దాటిందా, ఒక్కసారిగా అడ్డం తిరుగుతుంది, అప్పటిదాకా మోసిన కరెంటంతా రెప్పపాటులో నిప్పైపోతుంది.

అయితే ఆ హద్దు, బండిలో ఉన్నవన్నీ ఒకేసారి వేసినా దాని దరిదాపులకి రానంత ఎత్తులో ఉంది. అందుకే కంపెనీ అధిపతి చిత్తరంజన్ గారు మీటింగులో హాయిగా నవ్వారు. "ఫ్యూజు పెట్టేది తీగని కాపాడ్డానికి. వేడెక్కని తీగకి కాపలా దేనికి? ఫ్యూజులే లేని బండి! ఆ మాటకే సగం ఆర్డర్లొస్తాయి."

పైగా ప్రతి ఫ్యూజూ తన వంతు వోల్టేజ్ కాస్త తింటుంది. అది కూడా లేకపోతే వెనక మిషన్‌కి పన్నెండుకి పన్నెండూ అందుతాయి. తబిత తలూపింది. ఆ గదిలో ఆటోనగర్ నుంచి వచ్చింది ఆమె ఒక్కతే. ఆమెకీ నల్ల టేపు గుర్తు రాలేదు.

మొదటి బండి ఏలియాకే ఇచ్చారు. వానాకాలమంతా దాంట్లో ఊపిరి మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు. పేషెంటు దిగగానే ఏలియా చెల్లెలికి ఫోను చేసి, "ఇంకో ప్రాణం నీ ఖాతాలో రాసుకోవే" అనేవాడు. తబితకి అంతకన్నా పెద్ద బిరుదు అక్కర్లేకపోయింది.

ఆ బండికీ హారన్ కీచుమనేదే. ఏలియా ఆటోనగర్ తీసుకెళ్ళి డైరెక్ట్ ఇప్పించాడు.

ఉయ్యూరు రోడ్డు మీద, నొప్పులు పడుతున్న అమ్మాయిని తీసుకొస్తుంటే, గతుకుల్లో ఆ జాయింటు టేపు ఊడి, తీగ బండి రేకుకి తగిలింది. మామూలు బండిలో అయితే బ్యాటరీ దగ్గరుండే పెద్ద ఫ్యూజన్నా టప్పున పోయేది, లేదా కాలిన వాసన వచ్చేది. ఇక్కడ ఫ్యూజు లేదు. తీగలో అడ్డు లేదు కాబట్టి బ్యాటరీ ఉన్నదంతా ఒక్క గుటకలో కుమ్మరించింది. హద్దు దాటింది. తలుపుల్లో, పైకప్పులో, సీట్ల కింద ఎక్కడెక్కడ ఆ తీగ పాకి ఉందో అక్కడల్లా ఒకేసారి అంటుకుంది. వెనక తలుపుల లాకులు బిగుసుకుపోయాయి. ఏలియా ముందు నుంచి దూకి వచ్చి వెనక అద్దం పగలగొట్టి, కాలుతున్న తలుపుని రెండు చేతులతో పట్టి ఊడలాగాడు. కరిగిన ప్లాస్టిక్ అరచేతులకి అంటుకున్నా వదల్లేదు. ముందు అమ్మాయిని, తర్వాత ఆమె తల్లిని బయటికి లాగాడు. బిడ్డ రోడ్డు పక్కనే పుట్టింది, క్షేమంగానే ఉంది. ఏలియా చేతులు మాత్రం మళ్ళీ స్టీరింగ్ పట్టేవి కావని డాక్టర్లు చెప్పారు.

చిత్తరంజన్ గారు తబితని గదిలోకి పిలిచి, స్వయంగా కుర్చీ జరిపారు. మర్యాద ఎక్కువైన చోట ఏదో మెలిక ఉంటుందని తబితకి తెలుసు.

"మీ అన్నయ్యగారి వైద్యం అంతా కంపెనీదే. అందులో రెండో మాట లేదు," అన్నారాయన. తర్వాత ఒక కాగితం ముందుకి తోశారు. "విచారణకి మన నివేదిక. డ్రైవరు అనుమతి లేకుండా వైరింగ్ మార్చడం వల్లే ప్రమాదం. నువ్వు సంతకం పెడితే సోమవారం ముప్ఫై అంబులెన్సులు ఆరోగ్యశాఖకి అప్పజెబుతాం."

"ఫ్యూజులు పెట్టాలి సార్. తీగని ముక్కలుగా విడగొట్టి, ముక్కముక్కకీ కాపలా పెట్టాలి. ఎవడు ఎక్కడ గీకినా ఆ ముక్క మాత్రమే పోవాలి."

"ఎంత కాలం పడుతుంది?"

"ఆరు నెలలు."

"ఆరు నెలలు ఎవరాగుతారమ్మా? ఆర్డరు పోతుంది. నీ తీగ బీరువాలోకి పోతుంది." ఆయన గొంతు తగ్గించారు. "నేను అబద్ధం రాయమన్నానా? హారన్ పెట్టించింది మీ అన్నయ్యే కదా?"

"అబద్ధం కాదు సార్. సగం నిజం. హారన్ మార్చించని డ్రైవరు ఈ జిల్లాలో ఒక్కడుంటే చూపించండి. ప్రతివాడూ చేసే పనికి తట్టుకోలేనిది బండి ఎలా అవుతుంది?"

"వాళ్ళకి నేర్పుదాం. బండి మీద స్టిక్కర్ వేయిద్దాం."

"స్టిక్కర్ చదివి ఆగుతుందా మంట?" తబిత లేచి, కాగితాన్ని వేలితో వెనక్కి నెట్టింది. "నేను పెట్టను."

"నువ్వు పెట్టకపోయినా బళ్ళు వెళ్తాయి."

"చూద్దాం సార్."

ఆ సాయంత్రం అన్నయ్య ఇంట్లో ఇంతకన్నా పెద్ద గొడవైంది. ఏలియా చేతులు రెండూ కట్లతో దూదిమూటల్లా ఉన్నాయి. మార్తమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. చెల్లెలు జరిగిందంతా చెప్పగానే ఏలియా ముద్ద మింగకుండానే అరిచాడు.

"పెట్టెయ్యవే సంతకం!"

"నీకేమన్నా మతిపోయిందా?"

"నాకు బానే ఉంది. హారన్ పెట్టించింది నేనే. దాచడానికేముంది?"

"నేను దాచట్లేదు. నీ మీద తోసేసి చేతులు దులుపుకుంటానంటే ఒప్పుకోనంటున్నా."

"నా చేతులు ఎలాగూ పోయినయ్." ఏలియా కట్లు పైకెత్తి చూపించాడు. "ఎవరో ఒకరి నెత్తిన పడాల్సిందే అయితే నా నెత్తిన పడనీ. ఆ వానాకాలం ఎంతమంది బతికారే నీ తీగ వల్ల? ఇప్పుడది ఆగిపోతే మళ్ళా ఆ పాత బళ్ళే. మళ్ళా కుయ్యిమని ఆగుతయ్. ఈ ఆర్నెల్లలో పోయేవాళ్ళకి ఎవరు జవాబు చెప్తారు? నువ్వా?"

తబిత బుకాయించదలచుకోలేదు. కంకిపాడు ముసలాయన లాంటివాళ్ళు ఇంకా పోతారు, ఆ లెక్క తనకే వస్తుంది.

"నేనే చెప్తా," అంది. "నా పని ఇంకా అవలేదని చెప్తా. అది చెప్పడానికి సిగ్గు పడను. కానీ అంటుకునే బండిలో కూర్చోబెట్టి, అంటుకున్నాక తప్పు నీదేనని చెప్పడం నావల్ల కాదు. రేపు ఇంకో డ్రైవరు కాలితే వాడి చెల్లెలికి ఏం చెప్పను?"

"నీకు పొగరు."

"నీకు లేదేంటి?"

"ఇద్దరికీ ఉంది," అంది మార్తమ్మ. "మామయ్యగారు పోతా పోతా ఆస్తి ఇవ్వలేదు గానీ ఇది మాత్రం చెరి సగం పంచిపోయాడు. నోరు తెరువు, అన్నం ఆరిపోతోంది." ఏలియా నోరు తెరిచాడు గానీ చెల్లెలితో మాత్రం ఇక మాట్లాడలేదు.

సోమవారం కంపెనీ ఆవరణలో పెళ్ళిపందిరి లాంటి హడావిడి. ముప్ఫై తెల్లటి అంబులెన్సులు వరసగా నిలబెట్టి, బంతిపూల దండలు వేశారు. ప్రతి టైరు కిందా నిమ్మకాయ. డ్రైవర్లు కొత్త యూనిఫారాల్లో, చేతుల్లో తాళాలతో నిలబడ్డారు. అలవాటయ్యేదాకా నడుపుకోండని వాళ్ళకి ఆ బళ్ళు వారం ముందే ఇచ్చారు. ఆరోగ్యశాఖ నుంచి నళిని గారనే అధికారిణి వచ్చారు. వేదిక మీద బల్ల, బల్ల మీద బ్యాటరీ, దారమంత శీతతీగ, దాని చివర వరసగా పెద్ద లైట్లు.

చిత్తరంజన్ గారు తబితని కూడా పిలిచారు. కనిపెట్టిన మనిషి వేదిక మీద లేకపోతే నలుగురూ నాలుగు మాటలంటారు కదా. రెండు మంచి మాటలు చెప్పి తీగ పట్టుకుని నవ్వితే చాలని ముందే చెప్పారు.

తబిత తీగ పట్టుకుంది. లైట్లన్నీ వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"చూశారుగా, చల్లగా ఉంది," అంది మైకులో. "ఇంతవరకూ మీకు చూపించారు. మిగతా సగం నేను చూపిస్తాను." సంచిలోంచి హారన్, చాకు, నల్ల టేపు తీసి బల్ల మీద పెట్టింది. తీగ తొడుగు గీకింది, హారన్ తీగ మెలిపెట్టింది, టేపు చుట్టింది. తండ్రి షాపులో వందసార్లు చూసిన పనే. హారన్ భోరుమంది. డ్రైవర్లలో ఎవరో ఈలేశారు.

"ఇప్పుడు గతుకులు," అంటూ ఆ జాయింటుని చెక్క స్కేలుతో బ్యాటరీ నెగటివ్ తగిలించి ఉన్న బల్ల ఇనుప అంచుకేసి రాపాడించింది. నాలుగో రాపుకి టేపు ఊడింది. లైట్లు మసకబారలేదు, వాసన రాలేదు. ఒక్క మెరుపు. ఇటు కొస నుంచి అటు కొసదాకా తీగ భగ్గుమని, బల్ల మీది గుడ్డ, బంతిపూలు, వక్తల కాగితాలు అన్నీ ఒకేసారి అంటుకున్నాయి. ముందువరస కుర్చీలు వెనక్కి పడ్డాయి. తబిత తెచ్చుకున్న ఇసుక బకెట్టు బల్ల మీద గుమ్మరించింది.

చిత్తరంజన్ గారు మైకు లాక్కున్నారు. "ఈవిడ కావాలని కాల్చింది! ఇలా గీకి మెలిపెట్టేవాడు నూటికో కోటికో ఒకడుంటాడు. ఆ ఒక్కడూ ఈవిడ అన్నే. వాడి నిర్లక్ష్యానికి మా తీగని..."

"ఆ ఒక్కణ్ణి నేనేనండి."

గుంపు వెనక నుంచి ఏలియా వచ్చాడు. కట్లు కట్టిన చేతులు రెండూ గుండెకి ఆనించుకుని, మార్తమ్మ పక్కనుండగా, వేదిక ముందుకి నడిచాడు. తప్పంతా నెత్తినేసుకుని తీగని కాపాడ్డానికి వచ్చాడనే తబిత అనుకుంది.

"హారన్ పెట్టించింది నేనే," అన్నాడు ఏలియా. "తప్పు ఒప్పుకోడానికే బయల్దేరా. మా చెల్లెలి తీగ నిలబడాలని." కాలిపోయిన బల్లకేసి చూశాడు. "రోడ్డు మీద లోపల ఉన్నా కాబట్టి అప్పుడు నాకేం తెలీలా. ఇప్పుడు బయటినించి చూశా." తర్వాత డ్రైవర్లవైపు తిరిగాడు. ఆ పెద్ద గొంతుకి మైకు అక్కర్లేదు. "ఒరేయ్! ఈ వారంలో ఆటోనగర్ వెళ్ళి డైరెక్ట్ ఇప్పించని మొనగాడు మీలో ఎవడన్నా ఉంటే చెయ్యెత్తండ్రా!"

డ్రైవర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చెయ్యెత్తితే ఉద్యోగం ఉంటుంది, ఎత్తకపోతే ఏమవుతుందో తెలియదు. అబద్ధం ఆడటం అంత తేలిక పని ఆ క్షణంలో మరొకటి లేదు. వాళ్ళ చూపులు ఏలియా చేతుల మీదే ఉన్నాయి.

ఒక్క చెయ్యీ లేవలేదు.

నళిని గారు లేచి నిలబడ్డారు. "ముప్ఫైకి ముప్ఫైయా?" అన్నారు నెమ్మదిగా. "తాళాలు ఇక్కడ పెట్టెయ్యండి. ఈ బళ్ళు మేం తీసుకోవడం లేదు. ఫ్యూజులు పెట్టి తీసుకురండి, అప్పుడు చూద్దాం."

"మీరు కాకపోతే పక్క రాష్ట్రం," అన్నారు చిత్తరంజన్ గారు. మొహం కందగడ్డలా ఉంది. "వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు. రేపే లారీల మీద పంపించేస్తా. అక్కడ ఈ నాటకాలాడేవాళ్ళు ఉండరు."

ఆ మాటతో తబిత వేదిక దిగింది. పక్క రాష్ట్రంలో మాత్రం గతుకులుండవా, హారన్లు కీచుమనవా? నేరుగా మొదటి అంబులెన్స్ దగ్గరికి వెళ్ళి బానెట్ ఎత్తింది. దారాల్లాంటి తీగలు ఇంజను పక్కనుంచి సన్నగా మెరుస్తూ పాకి ఉన్నాయి. ప్రతి మూరా తను పోసి, లాగి, కొలిచి చూసుకున్నదే. డ్రైవరు జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి అడక్కుండానే ఆమె చేతిలో పెట్టాడు.

"ముట్టుకోకు! అది కంపెనీ ఆస్తి! కేసు పెడతా!" చిత్తరంజన్ గారు వెనకాలే పరుగెత్తుకొచ్చారు.

"పెట్టండి సార్. కోర్టులో కూడా ఇదే చెప్తాను. అప్పుడు పక్క రాష్ట్రం వాళ్ళు కూడా వింటారు."

ఆయన ఆమె చెయ్యి పట్టుకోబోయారు. మధ్యలో మార్తమ్మ వచ్చి నిలబడింది. ఆవిడ చీరకొంగు నడుముకి బిగించింది. ఆయన ఆగిపోయారు.

తబిత ప్లయర్ తీగ మీద పెట్టింది. ఏలియా బానెట్ మీదికి వంగి, "ముందు నెగటివ్ తియ్యవే! అంత చదువూ చదివి చస్తావా ఏంటి?" అని కసిరాడు. ఆ సాయంత్రం గొడవ తర్వాత అన్నయ్య ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది. తబిత బ్యాటరీ నెగటివ్ ఊడదీసింది. తర్వాత ప్లయర్ నొక్కింది. తీగ తెగినప్పుడు చప్పుడు కూడా రాలేదు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నా ఆమె తుడుచుకోలేదు. తీగని గజాలకొద్దీ బయటికి లాగి, ఉండ చుట్టి, చిత్తరంజన్ గారి చేతిలో పెట్టింది.

"తీగ మీది. తీసుకోండి. బండిలో కూర్చునే ప్రాణాలు మీవి కావు."

వరసలో ఒకదాని తర్వాత ఒకటి బానెట్లు లేస్తున్నాయి. డ్రైవర్లు నెగటివ్‌లు ఊడదీసి పక్కన నిలబడ్డారు.

తబిత ముక్కు చీదుకుని, "తర్వాతి బండి," అంది.